చీమల ముందు దీపం జరిపిన మాస్టారు – చార్లెస్ హెన్రీ టర్నర్



మా గదిలో మా బ్యాచ్ వాళ్ళకు ఒక పాత తగాదా ఉండేది. పండక్కి ఇంటినుంచి తెచ్చుకున్న అరిసెలు ట్రంకు పెట్టెలో దాచుకుంటే, రెండో రోజుకే కిటికీ సందులోంచి గోడ వెంబడి పెట్టె దాకా చీమల బారు తయారయ్యేది. తడిగుడ్డతో గోడ తుడిచేవాళ్ళం. బారు చెదిరిపోయేది. కాసేపు అటూ ఇటూ తచ్చాడి, చీమలు మళ్ళీ పెట్టె దగ్గరే తేలేవి. వాసన పట్టుకుని వస్తాయని ఒకడు, లేదు, కళ్ళతో దారి గుర్తుపెట్టుకుంటాయని ఇంకొకడు. స్టడీ అవర్‌లో ఈ వాదన పెరిగి పెద్దదై, వార్డెన్ సారు కేకతో ముగిసేది. ఎవరు గెలిచారో తేలలేదు. అరిసెలు మాత్రం అయిపోయాయి.

సరిగ్గా ఇదే తగాదాను అట్టముక్కలతో, దీపాలతో తేల్చడానికి కూర్చున్న ఒక నల్లజాతి బడిపంతులు గురించి నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఈ సంచికకు ఎవరి జీవితమైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు వేరే పేరు తోచలేదు. ఆయన పేరు చార్లెస్ హెన్రీ టర్నర్. ఇవాళ ప్రయోగశాలల్లో కంప్యూటర్ చెప్పినట్టు వెలుగును వేసే ప్రొజెక్టర్లు పెట్టి, ఈగ ఏం చూస్తోంది, చేప దేన్ని చూసి కదులుతోంది అని పరీక్షిస్తున్నారు. ఆ యంత్రాలు పుట్టడానికి ఎనభై ఏళ్ళ ముందే, ఆ పద్ధతిలోని కీలకాన్ని చేతులతో చేసి చూపించినవారు ఆయన.

టర్నర్ 1867 ఫిబ్రవరి 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి నగరంలో పుట్టారు. అమెరికా రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దై అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. సిన్సినాటి పక్కనే ఒహాయో నది పారుతుంది. నదికి అవతలి ఒడ్డు కెంటకీ; అది నిన్నమొన్నటి దాకా బానిసల రాష్ట్రం. ఆయన తల్లి అక్కడినుంచే వచ్చారు. రోగులకు సేవలు చేసే నర్సు పని ఆమెది. తండ్రి ఒక చర్చికి కాపలాదారు. ఊడ్చి తుడిచి తాళాలు వేసే ఉద్యోగం. అయినా ఆ ఇంట్లో పుస్తకాలు మాత్రం వందల్లో ఉండేవట. మనలో చాలామంది ఇళ్ళలో గోడ క్యాలెండరు తప్ప చదవడానికి ఏమీ ఉండేది కాదు కాబట్టి, ఈ ఒక్క విషయంలో ఆయన మనకంటే అదృష్టవంతుడే అనాలి.

ఇక్కడ ఒక మాట గుర్తు చేయాలి. టర్నర్‌కు ఆరేళ్ళున్నప్పుడు, 1873లో, మన మహాత్మా జోతిరావు ఫూలే గులాంగిరీ పుస్తకం రాసి, నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చారు. పూనాలో కూర్చున్న ఫూలే ఎవరి బిడ్డల మేలు కోరారో, ఆ బిడ్డల్లో ఒకడు అప్పుడే సిన్సినాటిలో అక్షరాలు దిద్దుకునే వయసులో ఉన్నాడు.

నల్లజాతి పిల్లల కోసం పెట్టిన గెయిన్స్ హైస్కూల్లో టర్నర్ తరగతిలో మొదటివాడిగా నిలిచారు. 1886లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో చేరారు. 1891లో బి.ఎస్., 1892లో ఎం.ఎస్. అక్కడ క్లారెన్స్ హెరిక్ అనే ఆచార్యుడు ఆయన్ని చేరదీసి, మెదడు నిర్మాణం మీద పని నేర్పించారు. పక్షుల మెదడు గురించి టర్నర్ రాసిన వ్యాసం 1892లో 'సైన్స్' పత్రికలో అచ్చయింది. ఆ పత్రికలో రాసిన మొదటి నల్లజాతి అమెరికన్ ఆయనే అంటారు. అదే ఏడు సాలెపురుగుల మీద ఇంకో వ్యాసం. సాలీడు గూడు అల్లడం అంతా గుడ్డి అలవాటు కాదని, చోటును బట్టి అల్లిక మార్చుకుంటుందని అందులో చూపించారు. పురుగుకు కూడా ఏదో ఒక తెలివి ఉందన్న ఆలోచన ఆయనలో అప్పుడే పడింది.

చదువు అలా సాగింది. ఉద్యోగం మాత్రం అలా సాగలేదు. బుకర్ టి. వాషింగ్టన్ నడిపే టస్కెగీ విద్యాసంస్థలో చోటు కోసం ప్రయత్నించారు, కుదరలేదు. 1893 నుంచి 1905 దాకా అట్లాంటాలోని క్లార్క్ కళాశాలలో పాఠాలు చెప్పారు. 1895లో భార్య లియొంటిన్ పోయారు, పసిపిల్లలు మిగిలారు. కొడుకుల్లో ఒకడికి ఆయన పెట్టుకున్న పేరు డార్విన్. ఆ తర్వాత టెనెసీలో, జార్జియాలో చిన్న చిన్న బడులు. ఈ తిరుగుళ్ళ మధ్యలోనే చికాగో విశ్వవిద్యాలయంలో చీమల మీద పరిశోధన పూర్తి చేసి 1907లో డాక్టరేట్ తెచ్చుకున్నారు, అది కూడా ప్రత్యేక ప్రశంసతో. అప్పటికి ఆయన వయసు నలభై.

డాక్టరేట్ వచ్చినా విశ్వవిద్యాలయంలో కుర్చీ రాలేదు. చికాగోలో ఒక ఆచార్యుడు ఆయన్ని తీసుకోవాలనుకున్నారని, ఆ పెద్దాయన చనిపోవడంతో తర్వాత వచ్చినాయన నల్లవాడు వద్దన్నాడని డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ తర్వాతి కాలంలో రాశారు. 1908లో టర్నర్ సెయింట్ లూయిస్ నగరంలోని సమ్నర్ హైస్కూల్లో టీచరుగా చేరారు. నల్లజాతి పిల్లల బడి అది. ఆరోగ్యం పాడై 1922లో మానేసేదాకా అక్కడే.

ఇక ఆ చీమల సంగతి. ఇదే నేను అసలు చెప్పాలనుకున్నది, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆ రోజుల్లో పండితులు రెండు రకాలుగా వాదించేవారు. చీమ ఒక చిన్న యంత్రం, వెలుగో వాసనో లాగితే అటు పోతుంది, అంతకుమించి దానిలో ఏమీ లేదు అని ఒక వర్గం. లేదు, దానికి మనిషిలాగే ఆలోచన ఉంది అని ఇంకో వర్గం, కథలు కథలుగా చెప్పేవారు. టర్నర్ ఎవరి పక్షమూ వహించలేదు. అట్టతో ఒక చిన్న వేదిక చేశారు. దాని మీదినుంచి కిందికి, గూటి వైపు దిగేందుకు ఏటవాలుగా అట్టదారి పెట్టారు. చీమల్ని, వాటి పిల్లల్ని వేదిక మీద వదిలారు. పిల్లలు బయట పడి ఉంటే చీమ ఊరుకోదు కదా! నోట కరుచుకుని గూటికి చేర్చడానికి దారి వెతుకుతుంది. ఒకసారి దారి దొరికాక మళ్ళీ మళ్ళీ అదే దారిన దిగుతుంది.

దారి అలవాటయ్యాక అసలు పరీక్ష మొదలు. చీమలు నడిచిన అట్టను తీసి రెండో పక్కన పెట్టి, నడవని అట్టను దాని చోట పెట్టారు. వాసనే దారి చూపిస్తుంటే, చీమలు వాసన ఉన్న అట్ట వెంట రెండో పక్కకు పోవాలి. పోలేదు. అలవాటైన పక్కకే నడిచాయి. అంటే వాసన ఒక్కటే కాదు. మరి ఏమిటి? వేదికకు రెండు పక్కలా విద్యుద్దీపాలు పెట్టారు. ఒక పక్క దీపం వెలుగుతుండగా దారి నేర్చుకున్న చీమలకు, ఆ దీపం ఆర్పి రెండో పక్క దీపం వెలిగించారు. చీమలు తికమకపడ్డాయి. వెలుగు ఎటు నుంచి వస్తోందన్న దాన్ని పట్టుకుని అవి దిక్కు తెలుసుకుంటున్నాయన్నమాట. అలాగని వెలుగుకు బానిసలూ కావు. కొంత తిరిగి, కొంత తడబడి, మళ్ళీ నేర్చుకునేవి.

ఇక్కడే ఒక చిక్కుంది. దీపం వెలుగు ఇస్తుంది, వేడీ ఇస్తుంది. చీమ వేడిని బట్టి తిరిగిందేమో? టర్నర్ దీపానికీ వేదికకూ మధ్య వేడిని ఆపే అడ్డు పెట్టారు. వెలుగు మాత్రం పోవాలి, వేడి ఆగాలి. నేను ఆయన పనిలో అన్నిటికన్నా ఎక్కువ గౌరవించేది ఈ అడ్డునే. చూసేవాడికి అది పెద్ద విషయంగా కనిపించదు. కానీ అది లేకపోతే ప్రయోగం మొత్తం చెల్లదు.

ఇవాళ్టి ప్రయోగశాలలో ఆ రెండు దీపాల స్థానంలో ప్రొజెక్టర్ ఉంటుంది. ఇప్పుడు కొన్ని బడుల్లో, కాలేజీల్లో గోడ మీద పాఠం చూపించే ప్రొజెక్టర్ మీరు చూసే ఉంటారు. వాటిలో ఒక రకానికి గుండెకాయ లాంటిది ఒక చిన్న చిప్పు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ 1987లో దాన్ని రూపొందించారు. గోరంత చోటులో లక్షల కొద్దీ బుల్లి అద్దాలు ఉంటాయి దాని మీద. 1024 వరుసలు, 768 వరుసలు ఉన్న చిప్పులో ఎన్నో లెక్కవేసుకోండి: 7,86,432. ఒక్కో అద్దం వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు చుట్టుపక్కల. మన తలవెంట్రుక దానికన్నా లావు. ప్రతి అద్దమూ ఇటో అటో కొన్ని డిగ్రీలు వాలుతుంది. ఇటు వాలితే వెలుగు తెర మీద పడుతుంది, అటు వాలితే పక్కకు పోతుంది, ఆ చుక్క చీకటి. సెకనుకు వేల సార్లు అలా వాలగలదు. ఎక్కువసేపు ఇటే ఉంటే చుక్క కాంతిగా, తక్కువసేపు ఉంటే మసకగా మన కంటికి తోస్తుంది. ఏ అద్దం ఎప్పుడు వాలాలో కంప్యూటర్ చెబుతుంది. అంటే టర్నర్ చేతితో ఆర్పి వెలిగించిన రెండు దీపాలకు బదులు, ఏడు లక్షల పైచిలుకు దీపాలు చేతికి వచ్చినట్టు.

దానితో ఏం చేస్తారు? పుట్టి వారం కూడా కాని జీబ్రా చేపపిల్లల్ని గాజు పళ్ళెంలో వదిలి, కిందినుంచి నలుపు తెలుపు చారలు కదిలేలా వేస్తారు. చారలు ఎటు జరిగితే చేపపిల్ల అటు ఈదుతుంది. నీటి వాలుకు కొట్టుకుపోతున్నానని అనుకుని, తన చోటు నిలుపుకోవాలని దాని ప్రయత్నం. చారల వెడల్పు మార్చి, వేగం మార్చి, ఒక కంటికే చూపించి, దాని చూపు ఎంతవరకు పనిచేస్తోందో తెలుసుకుంటారు. అదే చేపపిల్ల ఒళ్ళు అద్దంలా పారదర్శకం. ఈదాలనుకున్నప్పుడు మెదడులో ఏ కణాలు మేల్కొంటున్నాయో సూక్ష్మదర్శినితో చూడవచ్చు. తేనెటీగను గాలి మీద తేలే తేలికపాటి బంతి మీద నిలబెట్టి, చుట్టూ తెర మీద రంగు స్తంభాలు వేస్తారు. అది నడుస్తుంటే బంతి తిరుగుతుంది, దానికి తగ్గట్టు బొమ్మా కదులుతుంది. ఈగ పోతున్నది బంతి మీదే, తాను మాత్రం తోటలో నడుస్తున్నాననుకుంటుంది కాబోలు.

ప్రొజెక్టర్ వచ్చినంత మాత్రాన టర్నర్ పడిన తంటాలు పోలేదు. అక్కడా దీపం వేడి, ఫ్యాను చప్పుడు, అదురు. వాటన్నిటినీ చేప నుంచి, ఈగ నుంచి దూరంగా ఉంచాలి. కంప్యూటర్ బొమ్మ పంపిన క్షణమూ, అది తెర మీద నిజంగా పడిన క్షణమూ ఒకటి కాదు. అందుకని బొమ్మ మూలన ఒక చిన్న తెల్ల గడి పెట్టి, దాని మీద వెలుగును పసిగట్టే చిన్న పరికరం అతికించి, అసలు సమయం నమోదు చేస్తారు. ఇదంతా ఆ అట్ట వేదిక పక్కన పెట్టిన అడ్డుకు వారసత్వమే.

ఇక తేనెటీగలు. సమ్నర్ బడిలో చేరాక టర్నర్ సెలవుల్లో సెయింట్ లూయిస్‌లోని ఒఫాలన్ పార్కుకు పోయేవారు. పువ్వుల రంగులు తేనెటీగలకు తెలుస్తాయా లేదా అన్నది అప్పటికింకా గొడవే. పువ్వు వాసన పట్టి వస్తాయి, రంగుతో పనిలేదు అని బెల్జియం శాస్త్రజ్ఞుడు ప్లాటో వాదించేవాడు. టర్నర్ ఎర్రని బిళ్ళలు, ఎర్రని కాగితపు పొట్లాలు, ఎర్రని పెట్టెలు చేసి వాటిలో తేనె పెట్టారు. తేనెటీగలకు అలవాటయ్యాక, వేరే రంగుల వాటిని పక్కన పెట్టి చూశారు. ఆకారం మారినా, చోటు మారినా, తేనెటీగలు నేర్చుకున్న రంగుకే వచ్చాయి. 1910లో ఆ ఫలితాలు ప్రకటించారు. మరుసటి ఏడు, 1911లో, రంగుల చారల వంటి నమూనాలను కూడా అవి గుర్తుపడతాయని ఇంకో వ్యాసం.

ఇంతలోనే ఆయన గొప్పతనం ఇంకొకటి ఉంది. తన ప్రయోగంలో లొసుగు ఎక్కడుందో తానే రాశారు. తేనెటీగ ఎరుపును రంగుగా కాక, ఒక రకం బూడిద నీడగా చూస్తూ ఉండవచ్చు. ఆ రెంటినీ తన ప్రయోగం విడదీయలేదు. ఉద్యోగం కోసం, పేరు కోసం అంతగా అలమటిస్తున్న మనిషి, తన పనిలో లోటును తానే అచ్చులో పెట్టడం తేలిక కాదు. మన దగ్గర ప్రాక్టికల్ రికార్డులో రీడింగు కుదరకపోతే పక్కవాడిది చూసి దిద్దేవాళ్ళం. నేనూ దిద్దాను.

ఆ ముడి 1914లో జర్మనీలో కార్ల్ ఫాన్ ఫ్రిష్ విప్పారు. ఒక నీలం కార్డును రకరకాల బూడిద రంగు కార్డుల మధ్య పెట్టి, తేనెటీగ నీలాన్నే వెతుక్కుంటుందని చూపించారు. ఎరుపు మాత్రం దానికి సరిగా కనిపించదని తేలింది. టర్నర్ పడిన అనుమానం న్యాయమైనదే. 1973లో ఫాన్ ఫ్రిష్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. తేనెటీగ కంటిలో మూడు రకాల గ్రాహకాలు ఉన్నాయని ఇప్పుడు మనకు తెలుసు. అవి ఎక్కువగా స్పందించేది 344, 436, 544 నానోమీటర్ల దగ్గర. అంటే అతినీలలోహితం, నీలం, ఆకుపచ్చ. మన కంటికి కనబడని అతినీలలోహితం దానికి ఒక రంగు. మనకు కనబడే ఎరుపు దానికి దాదాపు చీకటి.

ఇప్పుడు ఆ బడి ప్రొజెక్టరునే తేనెటీగ ముందు పెట్టారనుకోండి. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మనిషి కంటిని మభ్యపెట్టడానికి చేసిన యంత్రం. దానిలో అతినీలలోహితం ఉండదు. మనకు గులాబీలా కనిపించే బొమ్మ తేనెటీగకు ఏ పువ్వులానూ కనిపించదు. పైగా ఒకే చిప్పున్న ప్రొజెక్టరులో మూడు రంగులూ ఒకేసారి రావు. రంగుల చక్రం తిరుగుతుంటే ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నమ్మకం లేకపోతే ఆ వెలుగులో పెన్సిలును గబగబా ఊపి చూడండి, అంచుల్లో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. మన కన్ను మెల్లని కన్ను కాబట్టి మామూలుగా మోసపోతుంది. ఈగ కన్ను సెకనుకు 200 మినుకులు కూడా విడిగా చూడగలదు. చోకు ఉన్న పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మనం నిలకడైన వెలుగు అనుకుని దాని కింద పరీక్షలకు చదువుకున్నాం, చుట్టూ తిరిగే ఈగలకు అది రాత్రంతా మినుకుతూనే ఉండి ఉంటుంది!

అందుకే పరిశోధకులు ప్రొజెక్టరు విప్పి, రంగుల చక్రం తీసేసి, లోపలి దీపం బదులు ఆ జీవికి కావలసిన రంగుల ఎల్‌ఇడిలు పెట్టుకుంటారు. సెకనుకు అరవై బొమ్మలు సరిపోకపోతే వందల బొమ్మలు వేస్తారు. ముందుగా ఆ జీవి కన్ను ఎలాంటిదో తెలుసుకుని, అప్పుడు యంత్రాన్ని దానికి తగ్గట్టు మార్చాలి. నేను చూస్తున్నదే అదీ చూస్తోందని అనుకోకూడదన్నది టర్నర్ 1910లోనే పడిన జాగ్రత్త.

బొద్దింకల కథ కూడా చెప్పాలి, హాస్టల్ వాళ్ళకు బొద్దింకలు కొత్త కాదు. బొద్దింక వెలుగు చూస్తే చీకట్లోకి పారిపోతుంది. అది పుట్టుకతో వచ్చినది, మారదు అనుకునేవారు. టర్నర్ ఒక పెట్టెలో సగం వెలుగు, సగం చీకటి పెట్టి, చీకటి వైపు అడుగుపెడితే చిన్న కరెంటు షాకు తగిలేలా చేశారు. కొన్నాళ్ళకు బొద్దింకలు చీకటి గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగేవి. వాటి స్వభావమే తలకిందులైందా? అదీ తేల్చారు. చీకటి అంటే భయం పుట్టలేదు, చీకట్లో దెబ్బ తగులుతుందని నేర్చుకున్నాయి, అంతే. 1912లో అచ్చయిందీ వ్యాసం. ఇవాళ ఈగల మీద, చేపల మీద ఇదే పని నేల మీద వెలుగు గడులు వేసి చేస్తున్నారు. ఏ గడిలోకి వస్తే శిక్షో కెమెరా చూసి కంప్యూటర్ నిర్ణయిస్తుంది.

ఇవన్నీ ఆయన ఏ ప్రయోగశాలలో చేశారు? చెప్పుకోదగ్గది ఏదీ లేదు. శిష్యులైన పరిశోధక విద్యార్థులు లేరు. పెద్ద గ్రంథాలయం అందుబాటులో లేదు. పగలు హైస్కూలు పిల్లలకు పాఠాలు, సెలవుల్లో పురుగులు. నేలలో బొరియ తవ్వుకునే ఒక రకం తేనెటీగ గూటి పక్కన కోకాకోలా సీసా మూత ఒకటి పడి ఉండటం చూసి, ఆ మూతను పక్కకు జరిపారు. తేనెటీగ తిరిగొచ్చి మూత ఉన్న చోటే ఇల్లు వెతుక్కుంది. రోడ్డు మీద పారేసిన మూతే ఆయనకు పరికరం. ఉన్న కాస్త తీరికలో జీవితకాలంలో రాసిన వ్యాసాలు దాదాపు డెబ్బై.

నల్లజాతి వారి చదువు గురించి కూడా ఆయన రాశారు. 1902లో రాసిన ఒక వ్యాసంలో జాతి సమస్యకు విద్యే దారి అని వాదించారు. మన బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1916 దాకా చదివారు. ఆ మూడేళ్ళూ టర్నర్ సెయింట్ లూయిస్‌లో నల్లబల్ల ముందు నిలబడి ఉన్నారు. ఒకే దేశంలో, ఒకే కాలంలో. ఇద్దరూ కలిసి ఉంటే ఏం మాట్లాడుకునేవారో అని నేను అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాను.

1923 ఫిబ్రవరి 14న చికాగోలో కొడుకు డార్విన్ ఇంట్లో గుండెజబ్బుతో టర్నర్ కన్నుమూశారు. యాభై ఆరేళ్ళు. 1925లో సెయింట్ లూయిస్‌లో శారీరక వైకల్యం ఉన్న నల్లజాతి పిల్లల బడికి ఆయన పేరు పెట్టారు. శాస్త్ర పుస్తకాలు మాత్రం చాలాకాలం ఆయన్ని పక్కన పెట్టాయి. పురుగుల తెలివి గురించి ఆయన చెప్పినవాటిని తర్వాతి వాళ్ళు మళ్ళీ కొత్తగా కనుక్కున్నారు. ఇటీవలి కాలంలో కొంత మార్పు వచ్చింది. జంతు ప్రవర్తనను అధ్యయనం చేసే అమెరికన్ సంఘం ఆయన పేరిట విద్యార్థులకు ఒక కార్యక్రమం నడుపుతోంది. 2020లో ఫ్రాన్సులో తేనెటీగల చూపు మీద పనిచేసే పరిశోధకులు ఆయన 1910 నాటి ప్రయోగాలను మళ్ళీ తీసి చదివి, 'కరెంట్ బయాలజీ' పత్రికలో రాశారు.

ఒక గుర్తు మాత్రం ఎప్పటినుంచో ఉంది. బయట తిరిగి ఇంటికి వచ్చే చీమ, గూడు దగ్గర పడ్డాక నేరుగా లోపలికి పోదు. గుమ్మం ఇక్కడెక్కడో ఉండాలి అన్నట్టు చుట్లు తిరుగుతుంది. టర్నర్ దాన్ని గమనించి రాశారు. విక్టర్ కోర్నెజ్ అనే ఫ్రెంచి పరిశోధకుడు ఆ తిరుగుడుకు టర్నర్ పేరు పెట్టారు. ఈసారి మీ గదిలో గోడ తుడిచాక, చెదిరిన చీమ ట్రంకు పెట్టె దగ్గర ఎలా తిరుగుతుందో కాసేపు నిలబడి చూడండి. టార్చిలైటు ఉంటే ఒక పక్కనుంచి వేసి, తర్వాత రెండో పక్కకు మార్చండి. వార్డెన్ సారు వస్తే నా పేరు చెప్పకండి.